చూసి రమ్మంటే చూసే వచ్చిన కారు: రెండో ప్రపంచ యుద్ధంలో ‘డింగో’ ఎలా పుట్టింది?

క్లుప్తంగా: డైమ్లర్ డింగో రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం వాడిన చిన్న స్కౌట్ కారు. ఇద్దరు మాత్రమే కూర్చునే ఈ బండ్లు 1939 నుంచి 1945 దాకా 6,626 తయారయ్యాయి. శత్రువు ఎక్కడున్నాడో చూసి, ఆ కబురుతో ప్రాణాలతో తిరిగి రావడమే దీని పని. గేర్‌బాక్సు, ఎత్తు, డ్రైవర్ సీటు, చివరికి పైకప్పు విషయంలో జరిగిన మార్పులు కూడా ఆ ఒక్క పని చుట్టూనే తిరిగాయి. ఆ తర్వాత దాన్ని చూసి తయారైన బండ్లలో కొన్ని ఈ సంగతి పట్టించుకోక దెబ్బతిన్నాయి.

ముందు పేర్ల గొడవ

డింగో గురించి వెతికేవాళ్లు మొదట తికమక పడేది పేరు దగ్గరే. దీన్ని డిజైన్ చేసింది బీఎస్ఏ అనే కంపెనీ, తయారు చేసింది డైమ్లర్. డింగో అన్న పేరు మాత్రం పోటీలో ఓడిపోయిన ఆల్విస్ కంపెనీ నమూనాది. సైన్యం కాగితాల్లో దీని పేరు ‘డైమ్లర్ స్కౌట్ కారు’. సైనికుల నోట మాత్రం ఓడినవాళ్ల పేరే నిలిచిపోయింది. డింగో అంటే ఆస్ట్రేలియాలో తిరిగే అడవి కుక్క.

ఈ డైమ్లర్ కూడా మెర్సిడెస్ బెంజ్ తయారు చేసే జర్మన్ డైమ్లర్ కాదు. జర్మన్ ఇంజనీరు గాట్లీబ్ డైమ్లర్ దగ్గర పేరు వాడుకునే హక్కులు కొనుక్కుని 1896లో ఇంగ్లండులో మొదలైన వేరే కంపెనీ ఇది. కోవెంట్రీలో ఫ్యాక్టరీ పెట్టింది. 1910లో దాన్ని బీఎస్ఏ, అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, కొనేసింది. మన ఊళ్లలో సైకిళ్ల మీద కనిపించే బీఎస్ఏ అన్న మూడక్షరాలు అక్కడివే. జర్మన్ పేరున్న ఇంగ్లిష్ కారు జర్మన్ల మీదకే యుద్ధానికి వెళ్లింది. ఇది చాలదన్నట్టు ఇప్పటి జర్మన్ సైన్యం దగ్గర కూడా డింగో అనే కవచ వాహనం ఉంది. అది మెర్సిడెస్ వారి యూనిమాగ్ ట్రక్కు చాసిస్ మీద కట్టిన పెద్ద బండి. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఇంకో తికమక స్కౌట్ కారుకూ ఆర్మర్డ్ కారుకూ మధ్య ఉంటుంది. రెండింటికీ చక్రాలుంటాయి, ఉక్కు రేకులుంటాయి. ఆర్మర్డ్ కారుకు పైన తిరిగే టరెట్, అందులో ఫిరంగి ఉంటాయి. అవసరమైతే నిలబడి పోరాడుతుంది. తెలుగు నేల మీదా ఆ తరహా బండ్లు యుద్ధంలో దిగాయి. 1948 సెప్టెంబర్ 13న, పోలీస్ చర్య మొదటి రోజున, విజయవాడ వైపు నుంచి మేజర్ జనరల్ రుద్ర నాయకత్వంలో వస్తున్న భారత దళాలను కోదాడ దారిలో నిజాం సైన్యపు లాన్సర్ల దళాలు అడ్డుకున్నాయి. అప్పుడు వాళ్లు వాడినవి హంబర్, స్టాగ్‌హౌండ్ ఆర్మర్డ్ కార్లు. స్టాగ్‌హౌండ్ దాదాపు 14 టన్నుల అమెరికన్ బండి. డింగో బరువు మూడు టన్నుల లోపే. రెండింటినీ ఒకే గాటన కట్టలేం.

వేగు పనికి తుపాకీ ఎందుకు భారం

సీత జాడ చూసి రమ్మంటే లంక కాల్చి వచ్చాడని హనుమంతుడి మీద ఓ నానుడి ఉంది. కథలో అది ఘనకార్యమే. సైన్యంలో వేగు చూడ్డానికి వెళ్లినవాడు అలా చేస్తే మాత్రం పై అధికారికి తల పట్టుకోవాల్సిన పరిస్థితి. వాడు కాల్పులు మొదలుపెట్టిన క్షణంలోనే అవతలివాళ్లకు మన రాక తెలిసిపోతుంది. వాడు చచ్చిపోతే చూసిన కబురు కూడా వాడితోనే పోతుంది.

ఈ పని తరతరాలుగా గుర్రపు దళాలది. గుర్రం చప్పుడు లేకుండా పొలాల్లోంచి పోతుంది, క్షణంలో వెనక్కి తిరుగుతుంది, చెట్ల చాటున నిలబడుతుంది. 1928లో బ్రిటిష్ సైన్యంలో రెండు అశ్విక దళాలు, 11వ హుస్సార్లు, 12వ లాన్సర్లు, గుర్రాలు వదిలి ఆర్మర్డ్ కార్లు ఎక్కాయి. వేగం పెరిగింది గానీ, గుర్రానికున్న మిగతా గుణాలు పోయాయి. పెద్ద బండి దూరం నుంచే కనిపిస్తుంది. ఇంజను మోత ముందే చెప్పేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇరుకు రోడ్డు మీద వెనక్కి తిరగాలంటే ముందుకూ వెనక్కూ నాలుగుసార్లు కదలాలి. అంతసేపూ దాని పక్క భాగం శత్రువు వైపే ఉంటుంది. పక్క భాగంలో ఉక్కు పలచన.

డింగోను అర్థం చేసుకోవడానికి ఇదే తాళంచెవి. గుర్రం చేసే పనులన్నీ చేసే యంత్రం కావాలి.

1938 పోటీ

బ్రిటిష్ యుద్ధ శాఖ 1938లో చిన్న స్కౌట్ కారు కావాలని అడిగింది. ఆల్విస్, మోరిస్, బీఎస్ఏ పోటీకి దిగాయి. బీఎస్ఏ నమూనా ఆ సెప్టెంబర్‌లో సిద్ధమైంది. పరీక్షల్లో పదివేల మైళ్లకు పైగా, అంటే 16 వేల కిలోమీటర్లకు పైగా, రోడ్ల మీదా రోడ్లు లేనిచోటా తిప్పినా పెద్దగా మొరాయించలేదు. ఎంపిక దాదాపు తేలిపోయింది.

అంతలో యుద్ధ శాఖ ఒక మెలిక పెట్టింది. పైన కూడా ఉక్కు కప్పు ఉండాలంది. కప్పు పెడితే బరువు పెరుగుతుంది, పాత ఇంజను లాగలేదు. అందుకే 55 హార్స్‌పవర్ ఇచ్చే 2.5 లీటర్ల ఆరు సిలిండర్ల డైమ్లర్ ఇంజను పెట్టారు. 1939 మేలో 172 బండ్లకు మొదటి ఆర్డర్ వచ్చింది. అప్పటికి తయారీ పని డైమ్లర్ చేతికి వెళ్లింది. ఈ కప్పు సంగతి గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ వస్తుంది.

తయారైన బండి పొడవు 3.18 మీటర్లు, ఎత్తు మీటరున్నర. మన రోడ్ల మీద తిరిగే ఆల్టో కన్నా పొట్టిది, ఎత్తు దాదాపు దానంతే. బరువు మాత్రం సుమారు నాలుగు రెట్లు. ముందు భాగంలో వాలుగా ఉన్న ఉక్కు 30 మి.మీ. మందం, పక్కల అందులో సగం కూడా లేదు. రోడ్డు మీద గరిష్ఠ వేగం గంటకు దాదాపు 89 కి.మీ. చేతిలో ఒక బ్రెన్ గన్ అనే తేలికపాటి మెషిన్ గన్, లేదా బాయ్స్ యాంటీ ట్యాంక్ రైఫిల్. అసలు ఆయుధం మాత్రం వైర్‌లెస్ సెట్టు.

వెనక్కి ఐదు గేర్లు

ఒక పల్లె రోడ్డు మలుపు, రెండు పక్కలా దట్టమైన కంచె చెట్లు. డింగో మెల్లగా మలుపు దాటుతుంది. కమాండర్ తల బయట పెట్టి బైనాక్యులర్స్‌తో చూస్తుంటాడు. రెండు వందల మీటర్ల అవతల కొమ్మల కింద సన్నటి ఫిరంగి గొట్టం కనిపిస్తుంది. ఇప్పుడు ఏం చేయాలి?

మామూలు కారుకు రివర్స్ గేరు ఒక్కటే. పార్కింగ్ కోసం పెట్టిన గేరు అది, నడకకు కాస్త ఎక్కువ వేగంతో పోతుంది. డింగోలో ముందుకా వెనక్కా అన్నది తేల్చే లివర్ వేరే ఉంటుంది. గేర్‌బాక్సులో ఐదు గేర్లున్నాయి. లివర్ వెనక్కి వేస్తే ఆ ఐదూ వెనక్కి పనిచేస్తాయి. అంటే ముందుకు ఎంత వేగంగా పోగలదో వెనక్కీ అంత వేగంగా పోగలదు. ముఖం శత్రువు వైపే ఉంచి, 30 మి.మీ. ఉక్కును అడ్డుపెట్టుకుని, వచ్చిన దారినే వెళ్లిపోవడం. బండి తిప్పే అవసరమే లేదు.

కాగితం మీద ఇది బాగుంటుంది. డ్రైవర్ మెడ సంగతేంటి? డిజైనర్లు దాన్నీ వదల్లేదు. డ్రైవర్ సీటును కాస్త పక్కకు వాల్చి పెట్టారు. భుజం మీదుగా వెనక్కి తిరిగితే వెనక గోడలో ఉన్న చిన్న కిటికీ సరిగ్గా కళ్లకు ఎదురుగా వస్తుంది. పక్క సీటు కూడా తిరుగుతుంది. అందులో కూర్చున్నవాడు అవసరాన్ని బట్టి వైర్‌లెస్ వైపో తుపాకీ వైపో మళ్లొచ్చు.

ఇక గేర్లు మార్చే తీరు. అది ప్రీసెలెక్టర్ గేర్‌బాక్సు. డ్రైవర్ తర్వాత కావలసిన గేరు అంకె దగ్గర లివర్‌ను ముందే పెట్టుకుంటాడు. అప్పుడేమీ జరగదు. అవసరమైనప్పుడు ఎడమ కాలి పెడల్ ఒక్కసారి తొక్కి వదిలితే ఆ గేరు పడుతుంది. చెయ్యి స్టీరింగ్ మీదే ఉంటుంది, చూపు దారి మీదే ఉంటుంది. టెన్షన్‌లో గేరు రాడ్డు కోసం తడుముకోవడం, గేర్ల పళ్లు రాసుకుని గరగరలాడటం ఉండవు.

దీనికి తోడు మామూలు క్లచ్ బదులు ఫ్లూయిడ్ ఫ్లైవీల్ పెట్టారు. రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకదానికి స్విచ్ వేస్తే, ఆ గాలికి రెండోది కరెంటు లేకుండానే తిరుగుతుంది. ఇక్కడ గాలికి బదులు నూనె. ఇంజనుకు కలిపిన సగం నూనెను చిమ్ముతుంది, గేర్‌బాక్సుకు కలిపిన సగం ఆ ఒరవడికి తిరుగుతుంది. మధ్యలో గట్టి అతుకు లేదు కాబట్టి గేరులో ఉండగానే బండిని ఆపొచ్చు, ఇంజను ఆగిపోదు. మెల్లగా, కుదుపు లేకుండా కదలొచ్చు. డైమ్లర్ దీన్ని 1930 నుంచి ఖరీదైన కార్లలోనూ బస్సుల్లోనూ వాడుతూనే ఉంది. సంపన్నుల సుఖం కోసం వచ్చిన పరికరం ఇక్కడ చప్పుడు లేకుండా నక్కి నక్కి పోవడానికి పనికొచ్చింది.

ఎత్తు తగ్గించిన ఇరుసుల అమరిక

నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే ట్రక్కుల్లో బండి నడుమ కింది భాగంలో శక్తిని మోసే పొడవాటి కడ్డీ, అంటే షాఫ్ట్, ఉంటుంది. ఆ శక్తిని రెండు పక్కల చక్రాలకూ పంచే గేర్ల పెట్టెను డిఫరెన్షియల్ అంటారు. ముందు ఇరుసుకో డిఫరెన్షియల్, వెనక ఇరుసుకో డిఫరెన్షియల్. మనుషులు వీటన్నిటి పైన కూర్చోవాలి కాబట్టి బండి ఎత్తు పెరుగుతుంది.

డింగోలో మధ్య షాఫ్టు తీసేశారు. ఉన్నది ఒకే డిఫరెన్షియల్. అక్కడి నుంచి ఎడమ పక్కన ముందుకొకటి వెనక్కొకటి, కుడి పక్కన అలాగే, మొత్తం నాలుగు షాఫ్ట్‌లు ఒక్కో చక్రానికి వెళతాయి. పైనుంచి చూస్తే ఇంగ్లిష్ హెచ్ అక్షరంలా ఉంటుంది కాబట్టి దీన్ని హెచ్-డ్రైవ్ అంటారు. మధ్యలో ఖాళీ దొరికింది. మనుషులు నేలకు దగ్గరగా కూర్చోగలిగారు. ఎత్తు మీటరున్నరకు దిగింది. పొలం గట్టు వెనక దాక్కునే బండికి ఆ కాస్త ఎత్తు తగ్గడమే ఎన్నో ప్రాణాల విలువ.

దీనితో ఇంకో లాభమూ ఉంది. ఒక పక్క ముందు చక్రం గోతిలో పడి గాల్లో తిరుగుతున్నా, అదే పక్క వెనక చక్రం నేలను పట్టుకుని తోస్తుంది. నష్టం గట్టి రోడ్ల మీద. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రం, వెనక చక్రం వేర్వేరు దూరాలు తిరగాలి, కానీ రెండూ ఒకే లంకెలో ఉన్నాయి. ఆ తేడా అంతా షాఫ్టుల్లో మెలికగా పేరుకుంటుంది. మట్టిలో చక్రం కాస్త జారి మెలిక వదిలిపోతుంది, తారు మీద వదలదు. డింగో తర్వాత ఇదే పద్ధతిలో వచ్చిన బ్రిటిష్ బండ్లకూ ఈ జబ్బు తప్పలేదు.

టైర్లు దాదాపు గట్టి రబ్బరువి. బుల్లెట్ తగిలినా గాలి పోయే బాధ లేదు, అందుకే స్పేర్ చక్రం మోసుకెళ్లలేదు. అంత గట్టి టైర్లున్నా ఒక్కో చక్రానికి విడిగా కాయిల్ స్ప్రింగ్ ఉండటంతో కుదుపు తక్కువే.

పెట్టిన రెండింటినీ తీసేశారు

మొదటి మోడల్‌లో నాలుగు చక్రాలూ తిరిగేవి. ముందు చక్రాలు ఎడమకు తిరిగితే వెనకవి కుడికి. ఏడు మీటర్ల వలయంలో బండి మొత్తం తిరిగిపోయేది. చేయి తిరిగిన డ్రైవర్ చేతిలో అది అద్భుతమే. కానీ వేగంలో స్టీరింగ్ కొంచెం కదిపినా వెనక భాగం బయటికి విసిరినట్టు పోతుంది. యుద్ధం మొదలయ్యాక సైన్యంలోకి వచ్చినవాళ్లలో చాలామంది అంతకుముందు కారు నడిపి ఎరగరు. కొత్త చేతుల్లో బండి అదుపు తప్పుతుండటంతో రెండో మోడల్ నాటికి వెనక చక్రాల స్టీరింగ్ తీసేశారు. వంద మంది నిపుణుల కోసం చేసిన యంత్రం వేలమంది మామూలువాళ్ల చేతికి వెళ్లేసరికి తేలికపడాల్సి వచ్చింది.

రెండోది కప్పు. మొదట పక్కకు జరిపే కప్పు పెట్టారు, తర్వాత మడిచేది. యుద్ధంలో సిబ్బంది దాన్ని ఎక్కువగా తెరిచే ఉంచుకున్నారు. కారణం మామూలుదే. మూస్తే కనపడదు. చూడటమే పనైనప్పుడు సన్నటి చీలికల్లోంచి తొంగి చూస్తూ ఉంటే ఏం లాభం? మూడో మోడల్‌లో కప్పును పూర్తిగా ఎత్తేశారు. 1938లో ఇంజనునే మార్చేలా చేసిన కప్పు, వాడినవాళ్ల అనుభవం ముందు నిలవలేదు. ఆఫీసులో కూర్చున్నవాడి భద్రత లెక్కకూ బండిలో కూర్చున్నవాడి లెక్కకూ తేడా ఇక్కడ తెలుస్తుంది. ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. ఆ కప్పు వల్ల వచ్చిన పెద్ద ఇంజను బండికి మేలే చేసింది.

మిగతా దేశాలు ఏం చేశాయి

జర్మన్లు ఇదే సమస్యకు వేరే జవాబు వెతికారు. వాళ్ల ఎనిమిది చక్రాల ఆర్మర్డ్ కారు, ఎస్‌డీ.కే‌ఎఫ్‌జెడ్ 231లో ముందు ఒక డ్రైవర్, వెనక ఇంకో డ్రైవర్. ప్రమాదం రాగానే వెనకవాడు బండిని అందుకుంటాడు. బ్రిటిష్‌వాళ్లు ఒకే డ్రైవర్‌ను వెనక్కి తిప్పారు, జర్మన్లు ఇంకో డ్రైవర్‌ను ఎక్కించారు. ఫలితం బండి సైజులోనే కనిపిస్తుంది. వాళ్ల చిన్న బండి ఎస్‌డీ.కే‌ఎఫ్‌జెడ్ 222కు 20 మి.మీ. ఫిరంగి ఉండేది, గ్రెనేడ్లు లోపల పడకుండా టరెట్ మీద ఇనప వల ఉండేది. అది చూడటంతో పాటు కాల్చడానికీ సిద్ధపడిన బండి.

అమెరికన్ ఎం3 స్కౌట్ కారు పేరుకే స్కౌట్. ఎనిమిది మందిని మోసే, పైన ఏ కప్పూ లేని పెద్ద బండి. 20 వేలకు పైగా తయారైంది గానీ చివరికి మనుషుల్ని మోయడానికే ఎక్కువ పనికొచ్చింది. సోవియట్ బీఏ-64 మాత్రం డింగోకు దగ్గర చుట్టం లాంటిది. జీపు లాంటి చాసిస్ మీద ఇద్దరికి చోటు, ఒక మెషిన్ గన్.

డింగోను చూసి చేసిన బండ్ల కథ ఇంకా ఆసక్తికరం. కెనడాలో ఫోర్డ్ కంపెనీ లింక్స్ పేరుతో 3,255 బండ్లు చేసింది. ఒళ్లు డింగోదే. లోపల 95 హార్స్‌పవర్ వీ8 ఇంజను, మామూలు ఫోర్డ్ గేర్‌బాక్సు. వేగం డింగోను మించిపోయింది. ఫ్లూయిడ్ ఫ్లైవీల్ లేదు, ప్రీసెలెక్టర్ లేదు. గేర్‌బాక్సు మొరాయించేది, సస్పెన్షన్ అంత గట్టిది కాదు. సైనికులు డింగోనే కోరుకున్నారు. ఆకారం చూసి నకలు చేసినవాళ్లకు అసలు గుణం ఆకారంలో లేదని ఆలస్యంగా తెలిసింది. ఇటలీలో లాన్చియా కంపెనీ కూడా డింగోను చూసి ఒక స్కౌట్ కారు చేసి లిన్చె అని పేరు పెట్టింది. ఆ మాటకూ లింక్స్, అంటే ఒక రకం అడవి పిల్లి, అనే అర్థం. డింగోలు చాలకపోవడంతో ఇంగ్లండులోనే హంబర్ స్కౌట్ కారూ వచ్చింది. కాస్త పెద్దది, ఉక్కు కాస్త పలచన.

చిన్నదైనందుకు చెల్లించిన మూల్యం

డింగో అడుగు భాగం చదునైన రేకు. గట్లు, రాళ్లు తగిలినప్పుడు పడవలా జారిపోవడానికి అది బాగా పనికొచ్చింది. కింద మైన్, అంటే మందుపాతర, పేలితే మాత్రం ఆ చదును రేకే శాపం, పేలుడు మొత్తం నేరుగా లోపలి మనుషుల కిందికి వస్తుంది. అంత తక్కువ ఎత్తులో కూర్చున్నవాళ్లకూ పేలుడుకూ మధ్య ఎడం లేదు. ఇప్పటి జర్మన్ డింగో లాంటి బండ్లు ఎత్తుగా, అడుగు ఆంగ్ల వీ అక్షరం ఆకారంలో ఉండటానికి కారణం ఇదే. ఆనాటి భయం ఎదుటనున్న ఫిరంగి, నేటి భయం కాళ్ల కింద పాతిన బాంబు.

ఇద్దరే సిబ్బంది కావడం ఇంకో ఇబ్బంది. ఒకడు నడుపుతుంటే రెండోవాడు చూడాలి, వైర్‌లెస్‌లో మాట్లాడాలి, మ్యాపు పట్టుకోవాలి, తప్పనిసరైతే కాల్చాలి. జీపు ఈ ఇబ్బందుల్లో కొన్నిటిని తీర్చింది. ఆరు లక్షలకు పైగా తయారైన చవక బండి, ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది. అయితే జీపులో కవచం లేదు, కూర్చున్నవాడి ప్రాణం తీయడానికి ఒక్క రైఫిల్ గుండు చాలు. అందుకే వేగు పనిలో జీపు, డింగో పక్కపక్కనే నడిచాయి. అధికారులు ఫ్రంట్ లైన్ వెంట తిరగడానికీ, ఫిరంగి దళాలవాళ్లు గుండ్లు ఎక్కడ పడుతున్నాయో చూడటానికీ డింగోలనే పట్టుకెళ్లేవారు.

తర్వాతి తరాలు

డింగో అమరికనే పెద్దది చేసి, ‘2 పౌండర్’ అనే ఫిరంగితో టరెట్ పెట్టి డైమ్లర్ ఆర్మర్డ్ కారు చేశారు. బరువు రెట్టింపు దాటింది. అందులోనూ వెనక ఒక అదనపు స్టీరింగ్ ఉంది, ప్రమాదంలో కమాండర్ దాన్ని పట్టుకుని బండిని వెనక్కి నడపొచ్చు. ఈ అన్నయ్య బండి మన దేశంలో ఒక కీలక ఘట్టంలో కనిపిస్తుంది. 1947 నవంబర్ 7న శ్రీనగర్ శివార్లలోని షాలాతెంగ్ దగ్గర, పాకిస్తాన్ వైపు నుంచి కశ్మీర్‌లోకి వచ్చిన చొరబాటుదారులను వెనకవైపు నుంచి చుట్టుముట్టినవి భారత సైన్యం 7వ క్యావల్రీకి చెందిన డైమ్లర్ ఆర్మర్డ్ కార్లే.

అసలు వారసుడు 1952లో వచ్చిన ఫెర్రెట్. అదీ డైమ్లర్ తయారీయే, హెచ్-డ్రైవే, ఇంజను వెనకే. మోడళ్లు మారేకొద్దీ దాని మీద మెషిన్ గన్ టరెట్ వచ్చింది, కొన్నిటికి క్షిపణులు కూడా తగిలించారు. ప్రతి సైన్యంలోనూ వేగు బండికి మెల్లమెల్లగా ఆయుధాలు పెరగడం మామూలే, కాల్చి రావాలన్న కోరిక ఎక్కడికీ పోదు. మొత్తం 4,409 ఫెర్రెట్లు తయారయ్యాయి. 1971లో తయారీ ఆగిపోయే దాకా దాని పైభాగం ఎన్నిసార్లు మారినా, కింద గేర్‌బాక్సులో మాత్రం ముందుకు ఐదు, వెనక్కి ఐదు గేర్లు అలాగే ఉండిపోయాయి.